పరుగులోనూ పొదుపు ఉందండీ!

'పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు' అన్నారు మన పెద్దవాళ్ళు. ఆ మాట అన్నవాళ్ళు ఏ గృహిణి దినచర్యనూ చూసి ఉండరని నా అనుమానం! తెల్లారి లేచింది మొదలు మనం చేసేదంతా పరుగే కదా? పాలవాడు బెల్లు కొడితే గుమ్మానికి పరుగు. కుక్కరు కూత పెడితే పొయ్యి దగ్గరికి పరుగు. ట్యాంకు నిండి నీళ్ళు కారుతుంటే మోటారు ఆపడానికి పరుగు. స్కూలు బస్సు హారను వినబడితే టిఫిను డబ్బా పట్టుకుని వీధి చివరిదాకా పరుగు. ఇన్ని పరుగులు పెట్టే మనల్ని ఎవరైనా "పొద్దున్నే ఓ అరగంట పరుగెత్తండి" అంటే మాత్రం, "అమ్మో! ఈ వయసులో నాకు పరుగేమిటి?" అంటాం.

నేనూ అలాగే అన్నాను. నలభై నాలుగో ఏట షుగరు సరిహద్దులో ఉందని డాక్టరుగారు చెప్పేదాకా! మా అమ్మకి షుగరు వల్ల కాలివేలు తీసేశారు. ఆ కట్టు నేనే మార్చేదాన్ని. అందుకే ఈసారి 'రేపట్నించి చూద్దాంలే' అనుకోలేకపోయాను.

పక్కింటి వదినగారిని తోడు తీసుకుని కాలేజీ గ్రౌండుకి బయల్దేరాను. పరుగెత్తడానికి ఏం నేర్చుకోవాలి, చిన్నప్పుడు పరుగెత్తలేదా ఏమిటి అనుకున్నాం. పెద్ద పెద్ద అంగలు వేస్తూ, పిడికిళ్ళు బిగించి, ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తాం. ఒకటిన్నర చుట్లు అయ్యేసరికి ఇద్దరం బెంచీ మీద కూలబడ్డాం. అయినా పట్టు వదలకుండా రెండు వారాలు వెళ్ళాం. మూడో వారం నా కుడి మోకాలు వాచింది. మెట్లు దిగలేను, పీట మీద కూర్చోలేను. "చెప్తే విన్నావా?" అని మావారు, "ఆడవాళ్ళకి పరుగులేమిటే తల్లీ" అని మా అత్తగారు. ఇంకేముంది, బూట్లు అటక ఎక్కాయి.

బ్రేకు తొక్కుతూ బండి తోలితే?

ఓ రోజు వదినగారు నడుస్తుంటే నేను గ్రౌండులో బెంచీ మీద కూర్చున్నాను. అక్కడికి రోజూ వచ్చే ఓ రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు పలకరించి, "అమ్మా, ఏమీ అనుకోకండి. మీరు పరుగెత్తుతుంటే చూశాను. బ్రేకు తొక్కుతూ స్కూటరు నడుపుతున్నట్టుంది" అన్నారు. తర్వాత ఇటుకముక్కతో నేల మీద గీత గీసి చూపించారు.

పరుగులో ప్రతి అడుగుకీ మన బరువుకి రెండు మూడు రెట్ల భారం కాలి మీద పడుతుంది. పాదం తుంటికి దగ్గరగా, మోకాలు కాస్త వంగి ఉండగా నేలకి ఆనితే ఆ భారాన్ని పిక్కలూ తొడలూ స్ప్రింగులా పుచ్చుకుని మళ్ళీ ముందుకు నెడతాయి. అలా కాకుండా కాలు బారచాపి, మోకాలు నిటారుగా పెట్టి, పాదాన్ని ఎక్కడో ముందు వేశామనుకోండి. ఆ కాలు మనల్ని వెనక్కి నెడుతుంది! అంటే ప్రతి అడుగుకీ ఓ బ్రేకు. ఆ దెబ్బంతా మోకాలికి. ఆగిన ఒంటిని మళ్ళీ కదిలించాలంటే అదనపు శ్రమ ఊపిరికి. నా వాపుకీ, ఆయాసానికీ కారణం వయసు కాదు, ఆ పెద్ద అంగలు!

పొదుపంటే మనకి తెలియదా?

గ్యాసు సిలిండరు పదిరోజులు ఎక్కువ రావాలంటే ఏం చెయ్యాలో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పప్పు ముందే నానబెడతాం, గిన్నె మీద మూత పెడతాం, ఉడుకు పట్టాక మంట తగ్గిస్తాం. వంట అదే, ఖర్చు తక్కువ. పరుగులోనూ సరిగ్గా ఇదే లెక్క. ఒకే వేగంతో ఇద్దరు పరుగెత్తుతుంటే, ఎవరు తక్కువ ప్రాణవాయువు ఖర్చు చేస్తే వాళ్ళది పొదుపైన పరుగు. దూరాలు పరుగెత్తేవాళ్ళకి బలం ఎంత ముఖ్యమో ఈ పొదుపూ అంతే ముఖ్యం.

ఈ పొదుపు గురించి శాస్త్రజ్ఞులకే పాఠం చెప్పిన ఆడవాళ్ళున్నారు తెలుసా? కెన్యాలో లువో స్త్రీలు తల మీద, కికుయు స్త్రీలు నుదుటి పట్టీతో వీపు మీద బరువులు మోస్తారు. వాళ్ళు నడుస్తుంటే ఎంత ప్రాణవాయువు ఖర్చవుతోందో కొలిచి 1986లో ప్రకటించారు. తమ బరువులో ఐదో వంతు దాకా మోసినా, వట్టి చేతులతో నడిచినప్పటికంటే ఖర్చు పెరగలేదట! గడియారం లోలకం ఊగినట్టు, ఒక అడుగులోని ఊపుని వృథా పోనివ్వకుండా తర్వాతి అడుగుకి అందించడమే వాళ్ళ రహస్యమని 1995లో తేల్చారు. అది నడకే, పరుగు కాదు. అయినా నీతి ఒకటే. చిన్నప్పటి నుంచి చేసిన సాధన ఒంటికి పొదుపు నేర్పుతుంది.

తల నుంచి కాలి దాకా

మాస్టారు నాకు నేర్పినవీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ మన ఇంటి భాషలోనే చెబుతాను.

తల: నెత్తిన నీళ్ళ బిందె ఉందనుకోండి. బిందె తొణక్కూడదంటే తల నిలకడగా ఉండాలి, చూపు కాళ్ళ దగ్గర కాక పది పదిహేను అడుగుల ముందు ఉండాలి. ఎగిరెగిరి పడుతూ పరుగెత్తితే బిందెలో నీళ్ళు నెత్తి మీదే! పైకి ఎగరడానికి పెట్టే శక్తి మనల్ని ముందుకు తీసుకెళ్ళదు.

భుజాలు: చపాతీలు వత్తేటప్పుడు తెలియకుండానే భుజాలు చెవుల దగ్గరికి వెళ్ళిపోతాయి, గమనించారా? పరుగులోనూ అంతే. ప్రతి ఐదు నిమిషాలకీ ఒకసారి చేతులు కిందికి వదిలేసి విదిలించండి. భుజాలు వాటంతటవే దిగుతాయి.

చేతులు: మోచేతులు వంచి, ముందుకీ వెనక్కీ ఊపండి. రొమ్ము మీదుగా అడ్డంగా ఊపితే నడుము మెలికలు తిరుగుతుంది. పిడికిట్లో వేయించిన అప్పడం ఉంది, విరక్కూడదు అన్నంత సుతారంగా ఉంచండి. 'చేతులు ఊపకపోతే శక్తి మిగులుతుందిగా?' అంటారేమో. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో అదీ కొలిచారు. చేతులు వెనక్కి కట్టుకుంటే 3 శాతం, రొమ్ము మీద కట్టుకుంటే 9 శాతం, నెత్తి మీద పెట్టుకుంటే 13 శాతం శ్రమ పెరిగింది!

నడుము: ముందుకి వంగాలి కానీ నడుము దగ్గర కాదు, చీలమండ దగ్గర. గచ్చు తుడిచేటట్టు వంగితే ఊపిరితిత్తులకి చోటుండదు. గోడకి జానెడు దూరంలో నిలబడి, ఒళ్ళంతా కర్రలా ఉంచి నెమ్మదిగా ముందుకి ఒరగండి. గోడని చేతులతో ఆపుకునే ముందు కలిగే ఆ కాస్త ఒరుగుదలే మనకి కావాల్సింది.

అడుగులు: అసలు కీలకం ఇక్కడే ఉంది. పెద్ద అంగలు మానేసి చిన్న చిన్న అడుగులు, కాస్త త్వరత్వరగా వెయ్యండి. కుడికాలు ఎన్నిసార్లు నేలకి ఆనిందో అర నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే నిమిషానికి మీ అడుగులెన్నో తెలుస్తుంది. నాకు కుడికాలు 37 సార్లు పడింది, అంటే 148 అడుగులు. అదే వేగంలో నూటికి ఐదు నుంచి పది అడుగులు పెంచితే మోకాలి మీదా తుంటి మీదా పడే భారం తగ్గుతుందని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో చూపించారు. నేను నెల్లాళ్ళకి 156కి చేరాను. మోకాలి నొప్పి మెల్లిగా వదిలింది.

'నిమిషానికి 180 ఉండాలట కదా' అని ఎవరైనా అంటే కంగారు పడకండి. 1984 ఒలింపిక్స్‌లో జాక్ డేనియల్స్ అనే శిక్షకుడు లెక్కపెడితే దాదాపు అందరూ 180కి తక్కువ కాకుండా వేస్తున్నారట. నిజమే, కానీ వాళ్ళు పోటీలో దూసుకుపోతున్న ఒలింపిక్ క్రీడాకారులు! మనం మన అంకెని కాస్త పెంచుకుంటే చాలు.

పాదం: మడమ ముందు ఆనాలా, మునివేళ్ళు ముందు ఆనాలా అన్నది పెద్ద చర్చ. సరదాకి పరుగెత్తేవాళ్ళలో ఎక్కువమందికి మడమే ముందు ఆనుతుంది, అది తప్పేమీ కాదు. మడమా వేళ్ళా అన్నదాని కన్నా, పాదం ఒంటికి ఎంత దగ్గరగా పడుతోందన్నది చూసుకోండి.

ఊపిరి: పరుగెత్తుతూ పక్కావిడతో "ఇవాళ మా ఇంట్లో గుత్తివంకాయ కూర చేద్దామనుకుంటున్నాను" అని ఆగకుండా చెప్పగలగాలి. 'ఇవాళ... మా... ఇంట్లో...' అని ముక్కలవుతోందంటే వేగం ఎక్కువైనట్టే. తగ్గించండి.

అందంగానే పరుగెత్తాలా?

'ఇవన్నీ పాటిస్తే అందంగా కనబడతామా?' అని అడిగింది మా వదినగారు. ఇంగ్లండుకి చెందిన పౌలా రాడ్‌క్లిఫ్ పరుగెత్తుతున్నంతసేపూ తల ఊపుతూనే ఉంటుంది. చూసేవాళ్ళకి 'అయ్యో, పాపం' అనిపిస్తుంది. ఆవిడే 2003లో లండన్ మారథాన్‌ని 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పూర్తి చేసింది. ఆ ప్రపంచ రికార్డుని పదహారేళ్ళ పాటు, 2019 దాకా, ఏ స్త్రీ కూడా దాటలేకపోయింది! కాబట్టి పైకి కనబడే అందం వేరు, లోపలి పొదుపు వేరు. ఎవరి ఒళ్ళు వాళ్ళది. నొప్పి లేకుండా, ఆయాసం లేకుండా సాగుతోందంటే మీ తీరు మీకు మంచిదే. అన్నీ ఒకేసారి మార్చబోకండి. ఒక వారం భుజాలు, మరో వారం అడుగులు... అలా ఒక్కొక్కటే.

'ఆడవాళ్ళకి పరుగేమిటి?' అన్నారు వాళ్ళూ!

మా అత్తగారొక్కరే కాదు, ప్రపంచమంతా ఆ మాటే అంది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో తొలిసారి స్త్రీలకి 800 మీటర్ల పరుగు పెట్టారు. పరుగు ముగిశాక కొందరు అలసి కూర్చుంటే, పత్రికలు దాన్ని చిలవలు పలవలు చేసి రాశాయి. దాంతో 1960 దాకా ఆ పోటీయే లేకుండా చేశారు. మగవాళ్ళు అలసి పడిపోతే అది వీరత్వం, ఆడవాళ్ళు అలసిపోతే అది బలహీనత!

బోస్టన్ మారథాన్‌లో 1966లో బాబీ గిబ్ పొదల్లో దాక్కుని, పరుగు మొదలయ్యాక మగవాళ్ళలో కలిసిపోయి పూర్తి చేసింది. మరుసటేడు కాథరిన్ స్విట్జర్ పొడి అక్షరాలతో పేరు నమోదు చేయించుకుని 261 నంబరుతో పరుగెత్తుతుంటే, ఓ నిర్వాహకుడు వెంటపడి ఆ నంబరు పీకెయ్యబోయాడు. ఆమె ఆగలేదు. 1972లో బోస్టన్ తలుపులు స్త్రీలకి తెరుచుకున్నాయి. ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాన్ 1984లో గానీ రాలేదు. ఆ తొలి స్వర్ణం గెలిచిన అమెరికా అమ్మాయి జోన్ బెనాయిట్, అర్హత పోటీకి 17 రోజుల ముందే మోకాలికి ఆపరేషను చేయించుకుంది!

దుస్తుల సంగతంటారా? 2017లో మెక్సికోలో లోరెనా రమీరెజ్ అనే రరామురి తెగ యువతి గాగరా, చెప్పులతో 50 కిలోమీటర్ల పరుగు గెలిచింది. అదే ఏడు మన హైదరాబాద్ మారథాన్‌లో ఓ మహిళ చీరకట్టుతో పూర్తి 42 కిలోమీటర్లూ పరుగెత్తింది. ఆ దారిలో ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు ఎక్కడం దిగడం తక్కువేమీ కాదు! మీకు అలవాటైన సల్వార్ కమీజుతో మొదలుపెట్టండి. చున్నీ మాత్రం ఇంట్లో ఉంచి రండి.

మనకి మాత్రమే ఉన్న చిక్కులు

నా మోకాలు బాగైంది గానీ మా వదినగారి ఆయాసం మాత్రం తగ్గలేదు. అడుగు మార్చినా, వేగం తగ్గించినా అంతే. "నాకు ఒళ్ళు వంగదు, నేను బద్ధకస్తురాలిని" అని తనని తనే తిట్టుకునేది. మెట్లెక్కినా గుండె దడదడలాడుతోందని తెలిసి బలవంతాన రక్తపరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర! పన్నెండు ఉండాల్సిన చోట. ఎన్నాళ్ళుగా అలా ఉందో, ఎంత నీరసాన్ని బద్ధకమనుకుని ఇల్లు నెట్టుకొచ్చిందో!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రాణవాయువుని మోసేది రక్తమే. మోసే బండ్లే తక్కువైతే ఎంత పొదుపుగా పరుగెత్తి ఏం లాభం? అందుకే మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేయించుకోండి. తోటకూర, మునగాకు, పప్పుదినుసులు తింటూ పైన నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం అవగానే కాఫీ, టీ వద్దు. రక్తం మరీ తక్కువైతే తిండితో సరిపోదు, డాక్టరు చెప్పిన మాత్రలు వాడాల్సిందే. వదినగారు మూడు నెలలు మాత్రలు వేసుకుంది. ఆ మూడు నెలలూ నడకే.

ఇంకో సంగతి, చెప్పడానికి మొహమాటపడేది. కాన్పుల తర్వాత చాలామందికి తుమ్మినా, దగ్గినా, పరుగెత్తినా రెండు చుక్కలు మూత్రం పడుతుంది. సిగ్గుపడి పరుగే మానేస్తారు. దీనికి దారి ఉంది. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాల్ని ఐదు సెకన్లు బిగించి వదలండి. ఇలా పదిసార్లు, రోజుకి మూడు పూటలు. టీవీ చూస్తూ కూడా చెయ్యొచ్చు, ఎవరికీ తెలియదు! (మూత్రం పోసేటప్పుడు మాత్రం చెయ్యకండి.) కొన్ని నెలలు చేసినా తగ్గకపోతే లేడీ డాక్టరుని అడగండి.

పరుగుకి సరైన బ్రా కూడా బూట్లంత ముఖ్యం. 1977లో అమెరికాలో ముగ్గురు స్త్రీలు, మగ క్రీడాకారుల లోదుస్తులు రెండింటిని కలిపి కుట్టి తొలి స్పోర్ట్స్ బ్రా తయారుచేశారు. ఇప్పుడు మన ఊళ్ళ బట్టల కొట్లలోనే దొరుకుతున్నాయి. బిగుతుగా పట్టి ఉంచాలి, ఊపిరికి అడ్డం రాకూడదు. బూట్లయితే ధర చూసి కాదు, కాలికి సుఖంగా ఉన్నవి చూసి కొనండి.

మోకాళ్ళు అరిగిపోవూ?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. ఎన్నో అధ్యయనాలని కలిపి చూసి 2017లో ప్రకటించిన లెక్క ఇది: తుంటి, మోకాళ్ళ అరుగుదల సరదాకి పరుగెత్తేవాళ్ళలో 3.5 శాతం మందికి ఉంటే, ఏ వ్యాయామమూ లేకుండా కూర్చునేవాళ్ళలో 10.2 శాతం మందికి ఉంది. పరుగే కాపాడిందని దీన్నిబట్టి చెప్పలేం గానీ, మితంగా పరుగెత్తితే మోకాళ్ళు అరిగిపోతాయన్న భయం మాత్రం అక్కర్లేదు. ఇప్పటికే అరిగినవాళ్ళూ, గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్ళూ, గర్భిణులూ డాక్టరుని అడిగాకే మొదలుపెట్టాలి. షుగరు మందులు వాడేవాళ్ళు జేబులో గ్లూకోజో, చక్కెరో ఉంచుకోవాలి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం లాంటివి వస్తే వెంటనే ఆగిపోయి ఆస్పత్రికి వెళ్ళండి.

వంటింట్లోనే సాధన

* పాలు కాగేలోగా ఒంటికాలి మీద నిలబడండి. అర నిమిషం ఒక కాలు, అర నిమిషం మరో కాలు. గట్టు పట్టుకోవచ్చు, పొయ్యికి మాత్రం దూరంగా ఉండండి.

* మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమలు నెమ్మదిగా పైకెత్తి దించండి, పదిహేనుసార్లు. పిక్కలు గట్టిపడతాయి. (మెట్టు మీదేనండోయ్, గడప మీద కాదు. అత్తగారు ఊరుకోరు!)

* కుర్చీలో చేతులు ఆనించకుండా కూర్చుని లేవండి, పదిసార్లు. తొడలకి బలం.

మొదలెట్టడం ఇలా

వారానికి మూడు రోజులు చాలు, మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతి. ముందు ఐదు నిమిషాలు నడక. తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఏడెనిమిదిసార్లు. చివర మళ్ళీ నడక. సుఖంగా అనిపించినప్పుడే పరుగుని మరో అర నిమిషం పెంచండి. వెళ్ళే ముందు ఓ అరటిపండు ముక్కో, రెండు ఖర్జూరాలో (షుగరు ఉన్నవాళ్ళు డాక్టరుని అడగాలి). వచ్చాక నిమ్మకాయ పిండిన పల్చటి మజ్జిగ, టిఫినుకి పెసరట్టో, రాగిజావతో ఉడికించిన గుడ్డో. ఎండాకాలం సూర్యుడు రాకముందే ముగించండి.

ఇప్పుడు మేమిద్దరం వారానికి మూడు రోజులు ఐదు కిలోమీటర్లు వెళుతున్నాం. నలభై ఎనిమిది నిమిషాలు పడుతుంది. కాలేజీ కుర్రాళ్ళు మమ్మల్ని మూడుసార్లు దాటిపోతారు. పోనీండి! నా షుగరు ఇంకా సరిహద్దు దాటలేదు. మందులు, తిండి, పరుగు అన్నీ కలిసి చేసిన పని అది. వదినగారి రక్తం పన్నెండుకి వచ్చింది. మొన్న ఓ రోజు వాన పడి నేను బద్ధకిస్తే, మా అత్తగారే గుమ్మంలోకి వచ్చి, "ఏమే, ఇవాళ పరుగు లేదా?" అన్నారు.

సంసారంలో పైసా పైసా పొదుపు చేసి ఇల్లు నిలబెట్టే మనకి, అడుగు అడుగూ పొదుపు చేసి ఒళ్ళు నిలబెట్టుకోవడం కష్టమా చెప్పండి? ఏదీ, అటక మీది బూట్లు దించండి మరి!